చూసినవాళ్ళు చేతులెత్తండి

జనవరి 12

గువ్వకు,

కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు నన్ను కాస్త గొప్పలు చెప్పుకోనీ.

మన ప్రార్థన మందిరం పెద్దాయన ‘నిర్మలదృష్టి సంఘం’ అని ఒకటి పెట్టి, నన్ను దానికి కార్యదర్శిని చేశారని ఫోనులో చెప్పాను కదా. ఊళ్ళో అసభ్యమైన బొమ్మలు, పత్రికలు, సినిమా పోస్టర్లు పిల్లల కళ్ళ ముందు ఉండకూడదన్నది మా పంతం. నిన్న ముప్పైయెనిమిది మంది ఆడవాళ్ళం బస్టాండు దాకా నడిచాం. అక్కడి పుస్తకాల కొట్టు ముందు ఏమేం వేలాడదీస్తారో నీకు తెలుసు. కొట్టతను మమ్మల్ని చూసి నవ్వాడు. నేను కుట్టు మిషను ముందు నుంచి లేచి నేరుగా వెళ్ళడంతో మెడలో కొలత టేపు అలాగే ఉండిపోయింది. “ఏమ్మా, పుస్తకాలకి కూడా జాకెట్లు కుడతారా?” అన్నాడు. నేను టేపు తీసి, నేల నుంచి ఆ పత్రిక అట్ట దాకా కొలిచాను. నలభై నాలుగు అంగుళాలు. “మీ పెద్దమ్మాయి యూనిఫారం నేనే కుట్టాను. ఆ పిల్ల కళ్ళు సరిగ్గా ఈ ఎత్తుకే వస్తాయి,” అన్నాను. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. సాయంత్రానికి తాడు ఖాళీ.

మనవాళ్ళంతా నా వీపు తట్టారు. పదో తరగతి దాటని దర్జీదాన్ని, నాకు ఇంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి. పై అధికారులకు ఇవ్వడానికి సంతకాలు సేకరిస్తున్నాం. ఇందులో కాగితం పెట్టాను. నువ్వు సంతకం చేసి, మీ ఆఫీసు వాళ్ళ చేత కూడా చేయించి పంపు. మీదెలాగూ కంప్యూటర్ల కంపెనీ. మీలాంటి చదువుకున్నవాళ్ళ సంతకాలు పది ఉంటే మా వంద సంతకాల పెట్టు.

ఇంతకీ ఎలా ఉన్నావు? వేళకి తింటున్నావా? ఫోనులో నువ్వు “ఊఁ” అంటే అది అవునో కాదో తెలిసి చావదు, అందుకే ఉత్తరం. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి.

ఊరేగింపులో అరిచి గొంతు పోయిన
నీ మేనత్త


జనవరి 26

అత్తకు,

టేపు పట్టి కొలిచిన సంగతి చదివి గట్టిగా నవ్వితే, నా గదిలో ఉండే స్కూలు టీచరు ఏమైందని పరుగెత్తుకొచ్చింది. ఆవిడకీ చదివి వినిపించాను. నువ్వు కార్యదర్శివి కాకపోతే ఇంకెవరవుతారు?

సంతకం మాత్రం చేయలేను, అత్తా. మా కంపెనీ నియమాలు ఒప్పుకోవు. మా వాళ్ళని కూడా అడగలేను. కారణాలు అడగొద్దు.

ఒక మాట చెబితే కోపం తెచ్చుకోవు కదా? బస్టాండు పత్రికలు ఇప్పుడు కొనేవాళ్ళే లేరు. అదంతా ఫోన్లలోకి చేరి చాలా కాలమైంది. మీరు నడిచిన దారి పొడుగునా నిలబడి చూసినవాళ్ళ జేబుల్లో ఉన్నదాంతో పోలిస్తే ఆ తాడుకి వేలాడేది ఏపాటి? మీ కాళ్ళ నొప్పులే మిగులుతాయేమోనని నా బాధ.

నాకు కొత్త కళ్ళజోడు వచ్చింది. సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయంటే డాక్టరు మార్చాడు. మా బాత్రూము కొళాయి మాత్రం ఎవరు బాగు చేసినా మూడు రోజులకు మించి నిలవడం లేదు. పని ఎప్పటిలాగే ఉంది.

నీ గువ్వ


ఫిబ్రవరి 8

గువ్వకు,

నీ ఉత్తరం అందింది. కాళ్ళ నొప్పుల గురించి నీ విచారానికి సంతోషం.

నీకు నామోషీగా ఉందని అర్థమైంది. మందిరం ఆడవాళ్ళు, జెండాలు, పాటలు. పెద్ద ఊళ్ళో అద్దాల మేడలో పనిచేసే పిల్లకి ఇదంతా చాదస్తంగానే ఉంటుంది. మీ అమ్మ పోయాక తొమ్మిదో ఏట నుంచి నా మిషను పక్కన కూర్చుని చదువుకున్నదానివి, ఒక్క సంతకానికి నియమాలు చెబుతావని అనుకోలేదు. సరే, దాన్ని పక్కన పెడదాం.

మా సంఘమూ అప్పుడప్పుడూ గీత దాటుతోంది, దాచను. మొన్న రెడీమేడ్ షాపులో బట్టలేసి నిలబెట్టే బొమ్మకి పమిట కప్పాలని ఒకావిడ పట్టుబట్టింది. ఆ బొమ్మ ఒంటి మీది జాకెట్టు కుట్టింది నేనే. ఎటూ చెప్పలేక దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను.

రాద్దామా వద్దా అని మూడు రోజులు ఆలోచించిన సంగతి ఒకటుంది. బేకరీ ఆవిడ కూతురు మీ ఊళ్ళోనే పనిచేస్తుంది కదా. ఆ పిల్ల వచ్చి, “మీ మేనకోడలి ఉద్యోగం పొద్దస్తమానం బూతు బొమ్మలు చూడడమేనట,” అని అందరి ముందూ అంది. నేను నవ్వేసి, “మా గువ్వా? దానికి సినిమాలో ముద్దు వస్తేనే తల దించుకునే అలవాటు,” అన్నాను. కానీ ఆ తరువాత కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ తిరగేసి కుట్టాను, మళ్ళీ విప్పుకోవలసి వచ్చింది.

నిజమా, అబద్ధమా? ఒక్క మాట రాయి, చాలు.

అత్త


ఫిబ్రవరి 17

అత్తకు,

నిజం.

ఒక్క మాటే అడిగావు. కానీ ఆ ఒక్క మాటతో ఆపితే అది అబద్ధమే అవుతుంది, అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

మాదొక పొడుగాటి గది. ముప్పై కుర్చీలు, ముప్పై తెరలు. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు, కాగితాలు, పెన్నులు బయట అరలో పెట్టి తాళం వేసుకోవాలి. జనం ఇంటర్నెట్టులో పెట్టేవాటి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది మా ముందుకు వస్తుంది. చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి. తప్పుగా తీసేస్తే ఒకరి నోరు నొక్కినట్టు, తీయకుండా వదిలేస్తే ఒకరి బతుకు వీధిలో పెట్టినట్టు. రోజుకి నాలుగు వందల దాకా చూస్తాను. ఏం చూస్తానో నీకు ఎప్పటికీ చెప్పను. రెండు గంటలకోసారి కాసేపు లేపి కిటికీ దగ్గర నిలబెడతారు. అక్కడ నుంచి ఒక బడి ఆటస్థలం కనిపిస్తుంది. కళ్ళు మండుతున్నాయన్నది ఈ పని వల్లే.

చేరిన కొత్తలో నెల రోజులు అన్నం సయించలేదు. మానేద్దామనుకున్నాను. ఆ నెలలోనే ఒక ఫిర్యాదు వచ్చింది. తనకి తెలియకుండా తీసిన వీడియో ఎవరో పెట్టారని ఒకావిడ రాసుకుంది. కింద ఒకే వాక్యం: ‘రేపు నా చెల్లెలి పెళ్ళి, ఈలోగా తీసేయగలరా?’ నిమిషంలో తీసేశాను. ఆవిడెవరో నాకు తెలీదు, నేనెవరో ఆవిడకి తెలీదు. ఆ రోజు నుంచి మానేయాలని అనుకోలేదు. అత్తా, నా పని నాకు సిగ్గు కాదు. నీకు సిగ్గవుతుందేమోనని దాచాను, అంతే.

నేను నామోషీ పడింది నీ ఊరేగింపు చూసి కాదు. ఇలాంటి పని చేస్తూ, అడిగితే చెప్పలేక, మీ కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

మందిరంలో నీ పరువుకి ఇది అడ్డమైతే చెప్పు. ఈ వేసవికి రాను. నొచ్చుకోను.

గువ్వ


మార్చి 12

అత్తకు,

ఇరవై రోజులు దాటింది. నీ మౌనమే జవాబని అర్థం చేసుకున్నాను. వేసవి సెలవులు వద్దని ఆఫీసులో చెప్పేశాను. బీపీ మాత్రలు మానకు.

గువ్వ


మార్చి 13

గువ్వకు,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు నన్ను నాలుగు తిట్టుకో. నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి నీ మీద కోపం వచ్చింది, మూడోసారి నా మీద వచ్చింది. నాలుగోసారి చదివే వేళకి ఊళ్ళో పెద్ద గొడవ మొదలైంది.

మందుల షాపులో ఒక అమ్మాయి పనిచేస్తుంది, నువ్వు వెళ్ళాక చేరింది. ఇరవై నాలుగేళ్ళు. నా మాత్రల కవరు మీద ఏది ఎప్పుడు వేసుకోవాలో గుండ్రటి అక్షరాలతో రాసిస్తుంది. ఆమెకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ కక్షతో ఆ పెళ్ళికొడుకు కావలసినవాడు, ఆమె నమ్మిన రోజుల్లో తీసి దాచుకున్న వీడియోని ఇంటర్నెట్టులో పెట్టాడు. రెండు రోజుల్లో ఊరంతా పాకింది. షాపు యజమాని కొన్నాళ్ళు రావద్దన్నాడు. ఆ పిల్ల గది తలుపు వేసుకుని, తల్లి పిలిచినా పలకడం లేదు.

మా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పెద్దాయన తీర్మానం రాసుకొచ్చారు. వచ్చే వారపు ప్రార్థనలో ఆ అమ్మాయి పేరు చదవాలట, మందిరానికి రానివ్వకూడదట, ఉద్యోగంలోంచి తీసేయమని షాపు యజమానికి రాయాలట. చదవాల్సింది కార్యదర్శి. అంటే నేను.

కాగితం పట్టుకుని లేచాను. నీ ఉత్తరంలో చెల్లెలి పెళ్ళి అని రాసుకున్న ఆవిడ గుర్తొచ్చింది.

“చదివే ముందు ఒక్క మాట,” అన్నాను. “ఈ హాల్లో ఆ వీడియో చూసినవాళ్ళు చేతులెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఎవరూ చూడకపోతే, అందులో ఉన్నది ఆ అమ్మాయేనని మనకెలా తెలిసింది?”

పెద్దాయన గొంతు పెంచలేదు. “అమ్మా, ఇది సంఘం పరువు సంగతి,” అన్నారు.

“పరువు సంగతేనండీ. మనం బస్టాండుకి నడిచింది చూపించేవాళ్ళ మీదికి. ఇప్పుడు దెబ్బ తిన్న పిల్ల మీదికి నడవమంటే నా కాళ్ళు రావు. మా మేనకోడలు రోజుకి నాలుగు వందలు ఇలాంటివి తన కళ్ళు మండించుకుని మరీ తుడిచేస్తుంది. నిర్మలదృష్టి అంటే నాకు తెలిసింది అది. దేవుడి ముందు ఇంతకంటే గట్టిగా చెప్పడం నాకు రాదు.”

కాగితం మడిచి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. వీధి మలుపు తిరిగాక ఎవరి మెట్లో చూడకుండా కూర్చున్నాను. వెనక్కి చూస్తే పదకొండు మంది వస్తున్నారు. బేకరీ ఆవిడ అందరికంటే ముందుంది.

ఇప్పుడు మేము పన్నెండు మందిమి. నడవడం వచ్చు, అరవడం వచ్చు. తుడవడం రాదు. ఏం చేయాలో నాకు అర్థమయ్యేలా రాసి పంపు. నీ పని నాకు సిగ్గా? నిండు సభలో చెప్పుకున్నాను కదే.

వేసవికి రాకపోతే కాళ్ళు విరగ్గొడతాను.

నీ అత్త


మార్చి 20

అత్తకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నా నాలుగు వాక్యాలు చింపేయి. నీ ఉత్తరం భోజనాల గదిలో పైకి చదివాను. చేతులెత్తమన్న చోటికి వచ్చేసరికి మా బల్ల చుట్టూ గుంపు చేరింది. మా గదిలో ఎవరూ తమ పని గురించి ఇంట్లో చెప్పుకోరు. పక్క కుర్చీ అతను, ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు, “మీ అత్త మా అమ్మకి ఒక్కసారి ఫోను చేస్తుందా?” అని అడిగాడు. వేళాకోళానికి కాదు.

ఇక పని. జాగ్రత్తగా చదువు.

ఫిర్యాదు ఆ అమ్మాయే చేయాలి. మీరు పక్కన కూర్చోవచ్చు, ఆమె బదులు చేయకూడదు. ముందు ఆమెను అడగండి. వద్దంటే ఆగండి. సరేనంటే, ఆ వీడియో ఇంటర్నెట్టులో ఏయే చోట్ల ఉందో ఆ చిరునామాలు మాత్రం కాగితం మీద రాసుకోండి. వీడియోని సాక్ష్యం పేరు చెప్పి కూడా ఎవరూ ఎవరికీ పంపకూడదు. అలా పంపిన ప్రతిసారీ వాడి పని మీరు చేసినట్టే. పోలీసు స్టేషన్లో కంప్యూటర్ నేరాలు చూసేవాళ్ళు ఉంటారు, అక్కడ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తరువాత ఒక్కో చోటా ఫిర్యాదు పెట్టాలి, పద్ధతి వెనక పేజీలో రాశాను. ఒకసారి తీసేశాక దాని గుర్తు ఒకటి దాచిపెడతారు, వేలిముద్రలాంటిది. మళ్ళీ ఎవరైనా అదే పెట్టబోతే పట్టుకుంటుంది.

నేనే తీసేస్తానని అనుకోకు. ఎరిగినవాళ్ళది వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్ళకి ఇవ్వాలి, అది మా నియమం. మంచి నియమమే.

ఇక ఫోన్ల సంగతి. ఊళ్ళో ఫోన్లలోకి చేరినదాన్ని మేమెవ్వరం తుడవలేం, అత్తా. అది మీ పన్నెండు మందే చేయగలరు. మీ నడక ఏపాటిదని రాసిన నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్ను చూసి గర్వపడుతూ,
గువ్వ


ఏప్రిల్ 9

గువ్వకు,

ముందు ఆ పిల్ల సంగతి. నేనూ బేకరీ ఆవిడా వాళ్ళింటికి వెళ్ళి, మూసిన తలుపు బయట గంటసేపు కూర్చున్నాం. నీ ఉత్తరంలో నువ్వు చెప్పిన పద్ధతంతా తలుపులోకి వినబడేలా చదివాను. ‘వద్దంటే ఆగండి’ అన్న దగ్గర తలుపు తెరుచుకుంది. “నన్ను అడగమని రాశారా?” అంది. ఇన్ని రోజుల్లో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదట, గువ్వా. అందరూ చెప్పినవాళ్ళే.

నా కుట్టు షాపే ఆఫీసయింది. చిరునామాలు పద్నాలుగు తేలాయి. ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చుని తన గుండ్రటి అక్షరాలతో తనే ఫిర్యాదు రాసింది. మధ్యమధ్యలో ఆగి, నేను కుట్టే అంచు వైపు చూసి మళ్ళీ రాసేది. పోలీసులు రసీదు ఇవ్వడానికి మొదట నీళ్ళు నమిలారు. పన్నెండు మందిమి వరండాలో కూర్చుని మందిరం పాటలు అందుకున్నాం. మూడో పాటకి రసీదు వచ్చింది. వాడిని మరునాడే పిలిపించి ఫోను లాక్కున్నారు, కేసు నడుస్తోంది.

తరువాత ఇల్లిల్లూ తిరిగాం. ఈసారి జెండాలు లేవు. ఇద్దరేసి వెళ్ళి, కూర్చుని, “మీ ఇంట్లో ఫోన్లలో ఉంటే మీరే తుడిచేయండి, మాకు చూపించక్కర్లేదు,” అని చెప్పి లేచి రావడమే. కొందరు తలుపు వేశారు. మెకానిక్ ఒకతను మీకేం పని అన్నాడు. అతని భార్య మా ఎదుటే చెయ్యి చాచింది, ఫోను ఇచ్చేశాడు. మాలో ఒకావిడ ముందు సొంత కొడుకునే అడగాల్సి వచ్చింది. ఆ రోజు ఆవిడ ఇంకో ఇంటికి రాలేకపోయింది. మరునాడు మళ్ళీ వచ్చింది.

పోయిన వారం మధ్యాహ్నం పెద్దాయన షాపుకి వచ్చారు. ప్యాంటు పొడవు తగ్గించాలని సంచి బల్ల మీద పెట్టారు. సంచిలో ప్యాంటుతో పాటు ఆయన ఫోను కూడా ఉంది.

“నాకూ ఎవరో పంపారమ్మా, సాక్ష్యమని,” అన్నారు. “చూశాను. ఆ రోజు మీరు చేతులెత్తమంటే నా చెయ్యి లేవలేదు. తుడవడం నాకు చేతకావడం లేదు. మీరు తుడవండి.”

“నేను చూడనండీ,” అన్నాను. “ఎక్కడ నొక్కాలో చెబుతాను. మీ వేలితో మీరే నొక్కండి.”

నేను గోడ వైపు తిరిగి చెప్పాను, ఆయన నొక్కారు. రెండుసార్లు తప్పు నొక్కారు, మూడోసారికి అయింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పద్నాలుగేళ్ళుగా ఎరుగుదును, ఆయన అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. అంత పెద్దగా కూడా.

పద్నాలుగు చిరునామాల్లో పదకొండు పోయాయి. మూడు మిగిలాయి. ఏం చేయాలి?

నీ అత్త


ఏప్రిల్ 18

అత్తకు,

ఆ మూడింటికీ మళ్ళీ ఫిర్యాదు పెట్టించు, రసీదు నంబరు జత చేసి. మొదటిసారి తోసిపుచ్చినవి రెండోసారి వేరే చేతికి వెళ్తాయి. విసుగు పుట్టినా వదలొద్దు. ఫిర్యాదు పెట్టేవాళ్ళకి విసుగు పుడుతుందనే ఆ వీడియోలు పెట్టేవాళ్ళ ధీమా.

సెలవులు మళ్ళీ అడిగాను. నువ్వు “కాళ్ళు విరగ్గొడతాను” అన్న చోటు మా పైఅధికారికి చూపించాను. వెంటనే సంతకం పెట్టాడు. మే మొదటి వారంలో వస్తున్నాను. మందిరంలో నన్ను మాట్లాడమని మాత్రం అనకు. నేను చూసినవి చెప్పను, చెప్పడానికి ఇంకేమీ లేదు.

పక్క కుర్చీ అతను పోయిన ఆదివారం వాళ్ళమ్మకి తనే చెప్పేశాడట. ఆవిడ “కళ్ళకి చుక్కల మందు వేసుకుంటున్నావా?” అని అడిగిందట. రోజంతా అదే చెప్పుకు తిరిగాడు.

గువ్వ


ఏప్రిల్ 27

గువ్వకు,

మూడూ పోయాయి. నిన్న సాయంత్రం ఆ అమ్మాయే వచ్చి చెప్పింది. ఎవరు తీశారో తెలీదట. తెలియదులే, అది మా గువ్వ వాళ్ళ నియమం అన్నాను.

ఈ పొద్దున వారపు ప్రార్థన. పెద్దాయన వేదిక ఎక్కి కాగితం లేకుండా మాట్లాడారు. “మన సంఘం ఒక అమ్మాయి పేరు ఇక్కడ చదవబోయింది. ఆ రోజు చదవాల్సిన పేరు ఏదైనా ఉంటే అది నాది. నేను చూశాను,” అన్నారు. వెనక వరసలో ఒక మగాయన చెయ్యి ఎత్తాడు. తరువాత ఇంకొకాయన. అందరూ ఎత్తలేదు, అబద్ధం ఎందుకు. నేను లెక్కపెట్టలేదు, తల దించుకున్నాను. ఒకావిడ లేచి విసురుగా వెళ్ళిపోయింది. మొదట నడిచిన ముప్పైయెనిమిది మందిలో ఇప్పుడు మా వైపు ఇరవై ఆరుగురం ఉన్నాం.

పాట మొదలవుతుండగా పక్క తలుపులోంచి ఆ అమ్మాయి వచ్చింది. తల్లి చెయ్యి కూడా పట్టుకోకుండా, ఒక్కతే. మందుల షాపు తెల్ల కోటు వేసుకుని ఉంది. పది గంటలకి డ్యూటీ, యజమాని మళ్ళీ రమ్మన్నాడు. తలుపు దగ్గరే నిలబడిపోతుందేమోనని నా పక్కన చోటు చేద్దామని జరగబోయాను. ఆ అవసరం పడలేదు. ముందు వరసలో బేకరీ ఆవిడ అప్పటికే జరిగింది, ఆవిడ పక్కావిడ జరిగింది, ఆ చివరి దాకా వరసంతా జరిగింది. ఆ పిల్ల తల ఎత్తుకుని నడిచి వెళ్ళి మధ్యలో కూర్చుంది. పాట నాకంటే గట్టిగా పాడింది.

ఎదురుచూస్తున్న
నీ అత్త